భాషతో పాటే వచ్చే ఎక్స్‌టెన్షన్లకు సొంత వెర్షన్ నంబరు ఉండాలా, భాష నంబరే సరిపోతుందా?

మూడోచుక్క

మేం కొందరం కలిసి ఒక చిన్న స్క్రిప్టింగ్ భాష రాస్తున్నాం. 1.0 విడుదల దగ్గరపడింది. భాషతో పాటు పదకొండు ఎక్స్‌టెన్షన్లు (భాషకి అదనపు సౌకర్యాలు జోడించే భాగాలు) వెళ్తాయి: జేసన్, జిప్, తేదీలు, ఎక్స్‌ఎంఎల్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు వగైరా. అన్నీ సీలో రాసినవే, అన్నీ ఒకే రిపాజిటరీలో ఉన్నాయి. ఇప్పటిదాకా ఎవరికి తోచిన నంబరు వాళ్లు వేసుకున్నారు. జేసన్‌ది 0.4, జిప్‌ది 1.2. తేదీల దానికి అసలు నంబరే లేదు. ఎక్స్‌ఎంఎల్‌కి మాత్రం మొదలుపెట్టిన రోజు తేదీ నంబరుగా ఉంది.

1.0 బయటికి వెళ్లాక ఇవి మార్చడం కష్టం కాబట్టి ఇప్పుడే ఒక పద్ధతి పెట్టుకోవాలి. టీమ్‌లో సగం మంది అన్నిటికీ భాష నంబరే పెడదామంటున్నారు. మిగతావాళ్లు దేని నంబరు దానికే ఉండాలంటున్నారు. వేరే భాషల్లో ఇది ఎలా నడిచింది, ఎక్కడ దెబ్బతిన్నారు అన్నది తెలిసినవాళ్లు చెబితే మాకు మేలు చేసినవాళ్లవుతారు.

ఒకే_అంకె

భాష నంబరే పెట్టండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదని నా అభిప్రాయం.

మీరు చెప్పిన పరిస్థితి అచ్చంగా పాత రోజుల్లో పీహెచ్‌పీ భాషది. 5.6 రోజుల్లో భాషతో పాటు వచ్చే ఎక్స్‌టెన్షన్ల నంబర్లు వరసగా ప్రింట్ చేస్తే ఇలా వచ్చేవి: ఎక్స్‌ఎంఎల్ రీడర్ 0.1, ఎస్‌పీఎల్ 0.2, హ్యాష్ 1.0, జేసన్ 1.2.1, ఫార్ 2.0.2, డామ్ 20031129. ఆ చివరిది పొరపాటున పడ్డది కాదు, తేదీయే వెర్షన్. ఇక రిఫ్లెక్షన్ ఎక్స్‌టెన్షన్‌ని అడిగితే సోర్స్ కంట్రోల్ ఫైల్లో తనంతట తాను నింపే గుర్తింపు స్ట్రింగ్ మొత్తం తిరిగొచ్చేది. కొన్నిటికి నంబరే లేదు, సోర్సులో ఆ చోట "ఇంకా వెర్షన్ లేదు" అనే అర్థం వచ్చే మాక్రో ఉండేది.

ఎక్స్‌ఎంఎల్ రీడర్ 0.1 అంటే ఏమిటి? పరిపక్వం కాలేదనా? లక్షల సర్వర్లలో నడుస్తున్న కోడ్ అది. మొదటి రోజు ఎవరో 0.1 అని రాశారు, తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, అంతే. ఎవరూ పెంచని నంబరుని చూసి వాడేవాళ్లు ఏదో ఒకటి నమ్ముతారు. దానికన్నా నంబరు లేకపోవడమే నయం. తర్వాత పీహెచ్‌పీ 7, 8 వరుసల్లో చాలా ఎక్స్‌టెన్షన్లకు భాష వెర్షన్‌నే పెట్టేశారు, మంచి పని చేశారు.

పాతకోడు

ఒకే_అంకె గారూ, మీరు చెప్పిన రోగం నిజమే గానీ మందు అది కాదు. నంబరు పెంచడం మరిచిపోయారు కాబట్టి నంబరే తీసేయాలా? మరిచిపోకుండా చూడొచ్చు కదా.

పెర్ల్‌లో చూడండి. భాషతో వచ్చే ప్రతి మాడ్యూల్‌కీ సొంత వెర్షన్ ఉంటుంది. సోర్స్‌ట్రీలో వాటిని మూడు డైరెక్టరీలుగా విడగొట్టారు. మొదటిది సీప్యాన్: అసలు కోడ్ బయట పెరుగుతుంది, పెర్ల్ దాన్ని తెచ్చుకుంటుంది. రెండోది డిస్ట్: కోడ్ పెర్ల్ లోపలే పెరుగుతుంది గానీ విడిగా కూడా విడుదలవుతుంది. మూడోది ఎక్స్‌ట్: పెర్ల్‌తో తప్ప బయటికి రాదు. ఇలా ఉన్నాక ఏ మాడ్యూల్ ఎవరి చేతిలో ఉందో డైరెక్టరీ పేరు చూస్తేనే తెలిసిపోతుంది.

క్రమశిక్షణ సంగతి. పెర్ల్ టెస్టుల్లో ఒకటి ఉంది, గత విడుదల ట్యాగ్‌తో పోల్చి చూస్తుంది. మాడ్యూల్ ఫైలు మారి వెర్షన్ మారకపోతే టెస్టు ఫెయిలవుతుంది. మనిషి గుర్తుంచుకోవాల్సిన పనే లేదు. పీహెచ్‌పీలో ఎక్స్‌ఎంఎల్ రీడర్ 0.1 దగ్గర ఆగిపోయిందంటే అలాంటి కాపలా లేకపోవడం వల్లే.

ఇంకో లాభం. సీలో రాసిన భాగం ఉన్న మాడ్యూళ్లలో, స్క్రిప్టు వైపు ఫైల్లో ఉన్న వెర్షన్‌నీ కంపైలైన ఫైల్లో ఉన్న వెర్షన్‌నీ లోడ్ అయ్యేటప్పుడు పెర్ల్ పోల్చి చూస్తుంది. పొసగకపోతే ఆబ్జెక్ట్ వెర్షన్ ఇదీ, బూట్‌స్ట్రాప్ పరామితి ఇదీ అని చెప్పి ఆగిపోతుంది. సగం పాతది సగం కొత్తది ఇన్‌స్టాల్ అయిన మెషీన్ మీద గంటలు పోగొట్టుకున్నవాళ్లకు ఆ ఒక్క ఎర్రర్ లైను విలువ తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా. పెర్ల్ పాత పద్ధతిలో వెర్షన్ అంటే దశాంశ సంఖ్య. 1.10 అంటే 1.1 కాబట్టి అది 1.9 కన్నా చిన్నది. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా సరే, చుక్కల మధ్య భాగాలను విడివిడి పూర్ణాంకాలుగా పోల్చాలని మొదటి రోజే రాసి పెట్టుకోండి.

కొత్తశాఖ

ఒక ప్రశ్న. నేను లైబ్రరీ వాడేవాణ్ణి మాత్రమే. నాకు భాష వెర్షన్ తెలిస్తే దాంట్లో వచ్చిన జేసన్ ఏదో తెలిసిపోతుంది కదా. ఇంకో నంబరుతో నాకేం పని?

ఒకే_అంకె

> భాష వెర్షన్ తెలిస్తే దాంట్లో వచ్చిన జేసన్ ఏదో తెలిసిపోతుంది కదా

అదే నేను చెబుతున్నది. పీహెచ్‌పీ ప్యాకేజ్ మేనేజర్ కంపోజర్ డాక్యుమెంటేషన్‌లో కూడా ఎక్స్‌టెన్షన్ల వెర్షన్లలో పొంతన ఉండదు కాబట్టి నక్షత్రం గుర్తు పెట్టుకోవడం మంచిదని రాసి ఉంటుంది. అంటే "ఈ ఎక్స్‌టెన్షన్ ఉంటే చాలు, నంబరు ఏదైనా సరే" అని. ప్యాకేజ్ మేనేజరే నంబరుని నమ్మొద్దంటోంది.

పొట్లాలపని

నేను ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో ప్యాకేజింగ్ చేస్తాను. కొత్తశాఖ గారి ప్రశ్నకు నా జవాబు: చాలాసార్లు తెలుస్తుంది, ఎప్పుడూ కాదు. తెలియని సందర్భాలే మాకు పని పెడతాయి.

పీహెచ్‌పీ జిప్ ఎక్స్‌టెన్షన్‌నే తీసుకోండి. అది భాషతోనూ వస్తుంది, పీఈసీఎల్ (పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్లు విడిగా దొరికే చోటు) ద్వారా విడిగానూ వస్తుంది. పీహెచ్‌పీ 7.4తో వచ్చిన జిప్ 1.15 వరుసది. 8.0తో వచ్చింది 1.19 వరుస. ఈ మధ్యలో 1.16లో ఆర్కైవ్ లోపలి ఫైలుకి మార్పు సమయం పెట్టే మెథడ్ వచ్చింది. మాన్యువల్లో ఆ మెథడ్ పేజీ పైన రెండు సంగతులూ ఉంటాయి: పీహెచ్‌పీ 8.0.0 లేదా ఆపైన, పీఈసీఎల్ జిప్ 1.16.0 లేదా ఆపైన. అంటే 7.4 మీద ఉన్న మనిషి కూడా విడిగా కొత్త జిప్ వేసుకుని ఆ మెథడ్ వాడుకోవచ్చు. అతని మెషీన్ మీద భాష నంబరు 7.4 అనే చెబుతుంది, మెథడ్ మాత్రం ఉంటుంది. ఇక్కడ జిప్ సొంత నంబరు లేకపోతే ఆ షరతు రాయడానికే వీల్లేదు.

సోడియం అనే ఎన్‌క్రిప్షన్ ఎక్స్‌టెన్షన్‌లో ఇది అడ్డం తిరిగింది. 7.2 నుంచి భాషతో వస్తోంది, అప్పటినుంచి దాని నంబరు భాష నంబరే. పీఈసీఎల్‌లో విడిగా దొరికేది 2.0 వరుస. దాదాపు అదే కోడ్, ఒక చోట 7.2, ఇంకో చోట 2.0. రెండిట్లో ఏది కొత్తదో నంబర్లు పోల్చి చెప్పడం ఎవరివల్లా కాదు.

కాబట్టి మూడోచుక్క గారూ, "సొంత నంబరా, భాష నంబరా" అని అడిగేముందు ప్రతి ఎక్స్‌టెన్షన్ గురించీ ఒకటి తేల్చుకోండి. ఇది భాషతో కాకుండా విడిగా ఎప్పుడైనా విడుదలవుతుందా? అవుతుందంటే సొంత నంబరు తప్పదు. అవ్వదంటే సొంత నంబరుకి పనే లేదు.

రత్నాలమూట

పొట్లాలపని గారు చెప్పిన గీతనే రూబీ వాళ్లు పేరు పెట్టి మరీ గీశారు. రూబీలో ప్యాకేజీని జెమ్ అంటారు. భాషతో వచ్చేవాటిలో రెండు రకాలు: డిఫాల్ట్ జెమ్స్, బండిల్డ్ జెమ్స్. డిఫాల్ట్ జెమ్‌ని తీసేయలేరు, కానీ పైన కొత్తది వేసుకోవచ్చు. బండిల్డ్ జెమ్‌ని మామూలు జెమ్ లాగా తీసేయొచ్చు, మార్చుకోవచ్చు. రెండు రకాలకీ సొంత నంబర్లే.

దీనివల్ల నేను కళ్లారా చూసిన లాభం భద్రత విషయంలో. ఎక్స్‌ఎంఎల్ చదివే రెక్స్‌ఎంఎల్ రూబీ 3.0 నుంచి బండిల్డ్ జెమ్. 2024లో దాంట్లో సర్వీసుని స్తంభింపజేసే తరహా లోపాలు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. ప్రతిసారీ ఆ ఒక్క జెమ్ అప్‌డేట్ చేస్తే సరిపోయింది, రూబీని ముట్టుకోలేదు. అదే భాషతో బిగించిన ఎక్స్‌టెన్షన్ అయితే మొత్తం భాష కొత్త విడుదల కోసం ఎదురుచూడాలి, అది వచ్చాక ప్రతి సర్వర్ మీదా భాషనే మార్చాలి. ఒక ఎక్స్‌ఎంఎల్ పార్సర్ కోసం అంత పని పెట్టుకోవడానికి ఆపరేషన్స్ వాళ్లు ఒప్పుకోరు, వాయిదా వేస్తారు, ఆ వాయిదాలో లోపం అలాగే ఉంటుంది.

నష్టాలూ చెప్పాలి. రూబీలో జేసన్ వాడిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు "ఫలానా వెర్షన్ ఇప్పటికే యాక్టివేట్ అయింది, మీ జెమ్‌ఫైల్ ఇంకో వెర్షన్ అడుగుతోంది" అనే ఎర్రర్ చూసి ఉంటారు. ప్రాజెక్టుకి కావాల్సిన జెమ్‌ల జాబితా అయిన జెమ్‌ఫైల్‌ని చదివేలోపే ఏదో ఒక కోడ్ మెషీన్ మీదున్న కాపీని లోడ్ చేసేస్తుంది, తర్వాత ప్రాజెక్టు అడిగింది వేరేది. సొంత నంబరంటే రెండు కాపీలు ఒకే మెషీన్ మీద ఉండొచ్చని ఒప్పుకున్నట్టే. లోడర్ ఆ పరిస్థితిని ఎలా తేలుస్తుందో ముందే రాసుకోండి.

ఇంకొకటి, రకం మారినప్పుడు. సీఎస్‌వీ, బేస్64, బిగ్‌డెసిమల్ రూబీ 3.4లో డిఫాల్ట్ నుంచి బండిల్డ్‌కి వెళ్లాయి. జెమ్‌ఫైల్లో వాటి పేరు రాయని ప్రాజెక్టులు, ఆ జాబితా ప్రకారమే జెమ్‌లు లోడ్ చేసే బండ్లర్ కింద నడిపితే లోడ్ ఎర్రర్. ముందు ఏడాది 3.3లోనే హెచ్చరికలు ప్రింట్ చేయడం మొదలుపెట్టారు కాబట్టి చూసుకున్నవాళ్లు బయటపడ్డారు.

ఎర్రగీత

ఇంతవరకూ అందరూ ఎక్స్‌టెన్షన్ నంబరు గురించే మాట్లాడుతున్నారు. నా అనుభవంలో టెస్టులు విరిగేది ఆ నంబరు వల్ల కాదు, దాని కింద ఉన్న లైబ్రరీ నంబరు వల్ల.

తేదీలు, సమయాలు ఆయా భాషల పద్ధతిలో రాసిపెట్టే ఐసీయూ లైబ్రరీ 72, దాంతో పాటు భాషల వారీ పద్ధతుల డేటా సీఎల్‌డీఆర్ 42 వచ్చినప్పుడు ఇంగ్లిష్ సమయాల్లో ఏఎం, పీఎంల ముందు ఉండే మామూలు స్పేస్ పోయి సన్నటి విడదీయని స్పేస్ వచ్చింది. యూనికోడ్‌లో 202ఎఫ్. కంటికి తేడా కనిపించదు. స్ట్రింగులు పోల్చే టెస్టులన్నీ ఎర్రబడ్డాయి, ఆ సమయాన్ని తిరిగి పార్స్ చేసే కోడ్ ఆగిపోయింది. పీహెచ్‌పీ వెర్షన్ మారలేదు. ఐసీయూని వాడే ఇంటిల్ ఎక్స్‌టెన్షన్ వెర్షన్ మారలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీ ఒకటి మారింది, అంతే. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ వాడేవాళ్లకూ ఇదే దెబ్బ తగిలింది.

దాన్ని పట్టించగలిగింది ఒక్కటే, ఐసీయూ వెర్షన్ చెప్పే కాన్‌స్టెంట్. పీహెచ్‌పీ ఇలాంటివి చాలా బయటపెడుతుంది: పీసీఆర్ఈ వెర్షన్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్, లిబ్‌ఎక్స్‌ఎంఎల్‌కి అయితే రెండు. కంపైల్ చేసినప్పుడు ఉన్నది ఒకటి, ఇప్పుడు లోడ్ అయినది ఇంకొకటి. ఆ రెండూ వేరు కావడం మామూలే. కంపోజర్ కూడా వీటిని లిబ్- అనే ముందుమాటతో విడి ప్యాకేజీలుగా చూపిస్తుంది.

సమయమండలాల డేటా మరీను. ఏదో ఒక దేశం గడియారం మార్పు నియమాన్ని మార్చిన ప్రతిసారీ కొత్త డేటా వస్తుంది, అది మీ భాష విడుదల తేదీ చూసుకుని రాదు. అందుకే పీహెచ్‌పీలో సమయమండలాల డేటాకి విడి వెర్షన్ ఫంక్షన్ ఉంది, డేటాని మాత్రమే కొత్తది చేసుకునే విడి పీఈసీఎల్ ఎక్స్‌టెన్షన్ ఉంది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో ఆ ఫంక్షన్‌ని అడిగితే 0.సిస్టమ్ అని వస్తుంది, అంటే భాషతో వచ్చిన డేటా వదిలేసి సిస్టమ్ డేటా వాడుతున్నారని.

మీ తేదీల ఎక్స్‌టెన్షన్‌కి నంబరే లేదన్నారు. కోడ్‌కి నంబరు ఇవ్వకపోయినా ఫరవాలేదు. డేటాకి మాత్రం తప్పనిసరిగా ఇవ్వండి.

పొట్లాలపని

ఎర్రగీత గారి మాటకి ఇంకొకటి జోడిస్తాను. పైథాన్‌లో ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్‌కి సొంత వెర్షన్ 2.6.0 అని ఉండేది. కింద ఉన్న ఎస్‌క్యూలైట్ లైబ్రరీ వెర్షన్ ఇంకో పేరుతో ఉండేది. జనం మొదటిది చదివి రెండోది అనుకునేవాళ్లు. చివరికి 3.12లో ఆ మాడ్యూల్ వెర్షన్‌ని వదిలించుకోబోతున్నామని ప్రకటించారు, లైబ్రరీ వెర్షన్ ఉంచారు. జేసన్ మాడ్యూల్‌లోనూ ఏళ్ల తరబడి కదలని 2.0.9 ఉంది, ఎన్ని పైథాన్ వెర్షన్లు మారినా అదే.

పాతకోడు

అది సొంత నంబరు పద్ధతి తప్పు కాదు, మళ్లీ చెబుతున్నాను. పెంచే బాధ్యత ఎవరికీ ఇవ్వలేదు.

ఒకే_అంకె

పాతకోడు గారూ, ఇవ్వలేదు సరే. పదకొండు ఎక్స్‌టెన్షన్లున్న చిన్న టీమ్‌కి ఆ బాధ్యత ఎవరు మోస్తారు? టెస్టు "మారింది, పెంచు" అంటుంది. ఎంత పెంచాలో చెప్పదు. చివరి అంకెనా, మధ్య అంకెనా, మొదటిదా? అది మనిషి కూర్చుని ఆలోచించి తేల్చాల్సింది. భాష విడుదలకి ఆ ఆలోచన ఎలాగూ ఒకసారి చేస్తారు. దాన్నే పదకొండుసార్లు చేయమంటున్నారు మీరు.

నిద్రపోనిసర్వర్

ఎర్లాంగ్ వైపు నుంచి ఒక మాట. ఎర్లాంగ్ భాషతో వచ్చే లైబ్రరీల కట్టని ఓటీపీ అంటారు, దాంట్లోని ఒక్కో భాగం ఒక అప్లికేషన్. ఓటీపీలో ప్రతి అప్లికేషన్‌కీ సొంత వెర్షన్ ఉంటుంది: కెర్నల్, స్టడ్‌లిబ్, ఎస్‌ఎస్‌ఎల్ అన్నీ. మొత్తం విడుదలకి ఇంకో నంబరు. ప్యాచ్ వచ్చినప్పుడు మారిన అప్లికేషన్ల నంబర్లే మారతాయి, ఏ విడుదలలో ఏ అప్లికేషన్ ఏ నంబరుతో ఉందో పట్టిక సోర్స్‌తోనే వస్తుంది.

ఇది అలంకారానికి పెట్టుకున్నది కాదు. నడుస్తున్న సిస్టమ్ ఆపకుండా కోడ్ మార్చడానికి రాసే యాప్‌అప్ ఫైలు "ఈ అప్లికేషన్ ఈ వెర్షన్ నుంచి ఆ వెర్షన్‌కి వెళ్లాలంటే ఈ మెట్లు" అని చెబుతుంది. మారని అప్లికేషన్ నంబరు మారిందనుకోండి, చేయాల్సిన పని లేని అప్‌గ్రేడ్‌కి కూడా మెట్లు రాయాలి. అక్కడ నంబరుని చదివేది మనిషి కాదు, యంత్రం. మీ భాషలో నంబరుని ఎవరు చదువుతారు? అది తెలిస్తే సగం జవాబు వస్తుంది.

మూడోచుక్క

అందరికీ ధన్యవాదాలు. నిద్రపోనిసర్వర్ గారూ, మంచి ప్రశ్న. మా దగ్గర నంబరుని చదివేవి రెండు: ప్యాకేజ్ మేనేజర్, ఎక్స్‌టెన్షన్‌ని లోడ్ చేసే లోడర్. లోడర్‌కి కావాల్సింది బైనరీ సరిపోతుందా లేదా అన్నది మాత్రమే. ప్యాకేజ్ మేనేజర్‌కి కావాల్సింది ఏ సౌకర్యాలున్నాయన్నది.

ఒక సందేహం. భాషతో బిగించిన వాటికి ఇప్పుడు భాష నంబరు పెట్టి, తర్వాత ఎప్పుడైనా వాటిని బయటికి పంపాల్సి వస్తే?

పొట్లాలపని

లోడర్ విషయం తేలిక. పీహెచ్‌పీలో దానికి పూర్తిగా విడి నంబరు ఉంది, మాడ్యూల్ ఏపీఐ నంబరు, తేదీ రూపంలో. 8.2కి 20220829, 8.3కి 20230831. వేరే నంబరుతో కంపైలైన ఎక్స్‌టెన్షన్‌ని లోడ్ చేయబోతే రెండు నంబర్లూ చూపించి నిరాకరిస్తుంది. జనం చదివే వెర్షన్‌తో దీన్ని కలపకండి.

బయటికి పంపడం గురించి మంచి ప్రశ్న అడిగారు. 8.4లో పీహెచ్‌పీ ఐమ్యాప్, పీస్పెల్, ఓసీఐ8 లాంటివాటిని భాష నుంచి తీసి పీఈసీఎల్‌కి పంపింది. ఓసీఐ8 ముందునుంచీ విడిగా కూడా విడుదలవుతూ 3 వరుసలో సొంత నంబరుతో ఉంది కాబట్టి వాడేవాళ్లకు ఏమీ తెలియలేదు, అదే వరుస కొనసాగింది. ఐమ్యాప్ అలా కాదు. 8.3 దాకా భాష నంబరు మోసింది, విడిపోయాక 1.0 నుంచి మొదలైంది. కొత్త కోడ్‌కి చిన్న నంబరు, పాత కోడ్‌కి పెద్ద నంబరు. "8.0 లేదా ఆపైన" అని ఎవరైనా రాసుకుని ఉంటే ఇప్పుడు అది ఎప్పటికీ నెరవేరదు.

జేసన్‌లో ఇదే వ్యతిరేక దిశలో జరిగింది. 7.3, 7.4ల్లో దాని నంబరు 1.7.0. 8.0లో భాష నంబరుకి దూకింది. ఎవరైనా శ్రద్ధగా, పద్ధతి ప్రకారం ^1.7 అని రాసుకుని ఉంటే 8.0 మీద ఇన్‌స్టాల్ ఆగిపోతుంది, ఎందుకంటే ఆ గుర్తుకి 2.0 కన్నా తక్కువ అని అర్థం. జాగ్రత్తపరులకే దెబ్బ తగిలింది, నక్షత్రం పెట్టినవాళ్లకు ఏమీ కాలేదు. ఇలాంటివి చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

పంపిణీదారుల దగ్గర దీనికి ఒక విరుగుడు ఉంది. డెబియన్‌లో వెర్షన్ ముందు ఈపాక్ అని ఒక అంకె, కోలన్ పెడతారు. నంబరు వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆ అంకె పెంచుతారు, పోలికలో అదే ముందు చూస్తారు. పనిచేస్తుంది, కానీ ఒకసారి పెట్టాక ఎప్పటికీ తీయలేరు. మీ ప్యాకేజ్ మేనేజర్ ఇంకా కొత్తది కాబట్టి అక్కడిదాకా రాకుండా చూసుకోవచ్చు.

కొత్తశాఖ

అయితే నంబర్లన్నీ వదిలేసి ఫంక్షన్ ఉందా లేదా అని నేరుగా చూసుకుంటే? జేసన్ ఎర్రర్లని ఎక్సెప్షన్‌గా విసిరే కాన్‌స్టెంట్ డిఫైన్ అయి ఉంటే వాడతాను, లేకపోతే పాత దారిలో వెళ్తాను. నా కోడ్‌లో ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

ఎర్రగీత

కొత్తశాఖ గారూ, కోడ్ లోపల అదే సరైన పద్ధతి. డిస్ట్రిబ్యూషన్లు పాత వెర్షన్‌లోకి భద్రతా సవరణలు తెచ్చి పెడతాయి, పైకి నంబరు అదే ఉంటుంది. అక్కడ నంబరు చూసి "ఇది లోపమున్నది" అని తేల్చడం తప్పవుతుంది. కాబట్టి నేరుగా చూసుకోవడం మంచిదే.

కానీ దానికి రెండు హద్దులున్నాయి. ఒకటి, ఇన్‌స్టాల్ చేసే ముందు అది కుదరదు, కోడ్ నడిచాకే తెలుస్తుంది. రెండు, పేరు మారకుండా ప్రవర్తన మారితే దొరకదు. పీహెచ్‌పీ 7.1లో జేసన్ ఎన్‌కోడ్ దశాంశ సంఖ్యలు రాసే తీరు మారింది, అంతకుముందు వాడే ప్రెసిషన్ సెట్టింగ్ వదిలి సీరియలైజ్ ప్రెసిషన్ సెట్టింగ్ చూడటం మొదలుపెట్టింది. ఫంక్షన్ పేరు అదే, ఆర్గ్యుమెంట్లు అవే, వచ్చే స్ట్రింగ్ వేరు. నేను చెప్పిన ఐసీయూ స్పేస్ కూడా ఆ కోవలోదే.

రత్నాలమూట

మూడోచుక్క గారూ, మీ పదకొండిట్లో ఏవి విడిగా విడుదలయ్యే అవకాశముందో చెప్పగలరా? గాల్లో మాట్లాడుకోవడం కన్నా అది తెలిస్తే మేలు.

మూడోచుక్క

టీమ్‌తో కూర్చుని చూశాం. జిప్, ఎక్స్‌ఎంఎల్, డేటాబేస్ డ్రైవర్ ఈ మూడూ బయటి లైబ్రరీల మీద ఆధారపడ్డవి, వాటిలో భద్రతా సవరణలు తరచుగా వస్తాయి. వీటిని విడిగా విడుదల చేయగలగాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, జేసన్, హ్యాష్ లాంటి మిగతా ఎనిమిదీ ఇంజిన్ లోపలి నిర్మాణాలను నేరుగా ముట్టుకుంటాయి. ఇంజిన్ మారితే అవీ మారాలి, విడిగా వచ్చే ప్రశ్నే లేదు.

కాబట్టి ఇప్పుడు మా ప్రతిపాదన ఇది. ఆ ఎనిమిదింటికీ సొంత నంబరు ఉండదు, అడిగితే భాష నంబరే వస్తుంది. అంతకన్నా ముఖ్యం, ప్యాకేజ్ మేనేజర్‌లో వాటి మీద వెర్షన్ షరతు రాయనివ్వం. "జేసన్ కావాలి" అని మాత్రమే రాయొచ్చు. "జేసన్ 1.2 ఆపైన" అని రాస్తే ఎర్రర్ ఇచ్చి, భాష వెర్షన్ మీద షరతు పెట్టమని చెబుతుంది. పొట్లాలపని గారు చెప్పిన ^1.7 దెబ్బ మాకు తగలకూడదు. రేపు జేసన్ నంబరు ఏమైనా సరే, దాని మీద ఆధారపడ్డ షరతు ఎక్కడా రాసి ఉండదు.

మిగతా మూడింటికీ సొంత నంబరు, పాతకోడు గారు చెప్పిన లాంటి టెస్టుతో సహా. ఫైలు మారి నంబరు మారకపోతే మెర్జ్ ఆగుతుంది. డాక్యుమెంటేషన్‌లో ప్రతి ఫంక్షన్ దగ్గరా రెండు నంబర్లూ ఉంటాయి, భాషతో ఎప్పుడొచ్చింది, విడిగా ఏ వెర్షన్‌లో వచ్చింది అని.

కింద ఉన్న లైబ్రరీ వెర్షన్, సమయమండలాల డేటా వెర్షన్ విడి ఫంక్షన్లుగా ఇస్తాం. కంపైలైనది, లోడ్ అయినది రెండూ. లోడర్ చూసే బైనరీ నంబరు వీటన్నిటికీ సంబంధం లేకుండా ఉంటుంది.

ఒకే_అంకె

ఎనిమిదిటి విషయంలో నాకు అభ్యంతరం లేదు, షరతే రాయనివ్వకపోవడం నేను అనుకున్నదానికన్నా గట్టి పరిష్కారం. మూడింటి విషయంలో మాత్రం నా అనుమానం పోలేదు. ఒక ఏడాది తర్వాత ఆ మూడూ నిజంగా విడిగా విడుదలయ్యాయా లేదా చూడండి. ఒక్కసారి కూడా అవ్వకపోతే ఆ నంబర్లు మోయడం దండగ.

పాతకోడు

నాకు దీనికి వ్యతిరేకమైన అనుమానం. ఆ ఎనిమిదిలో ఏది మారిందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు మీరు ఏమీ మిగల్చలేదు. భాష 1.3 నుంచి 1.4కి వెళ్లినప్పుడు జేసన్‌లో ఒక్క అక్షరమైనా మారిందా అన్నది నంబరు చెప్పదు. కనీసం మార్పుల చిట్టా ఎక్స్‌టెన్షన్ వారీగా రాయండి. ఒక్కో ఎక్స్‌టెన్షన్ చివరిసారి ఏ భాష విడుదలలో మారిందో పట్టిక కూడా పెట్టండి. పెర్ల్‌లో కోర్‌లిస్ట్ అనే కమాండ్ ఉంది. ఏ పెర్ల్‌తో ఏ మాడ్యూల్ ఏ వెర్షన్ వచ్చిందో మెషీన్ మీదే చెబుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. అలాంటిది మీకూ ఉంటే సగం ప్రశ్నలు మిమ్మల్ని ఎవరూ అడగరు.

మూడోచుక్క

పట్టిక పెడతాం. విడుదల స్క్రిప్టే గత ట్యాగ్‌తో పోల్చి ఆ పట్టిక తయారుచేస్తుంది, చేత్తో రాయం.

ఒకటి మిగిలింది. ఆ ఎనిమిదిలో ఒకటి ఎప్పుడైనా బయటికి వెళ్తే ఏ నంబరు నుంచి మొదలుపెట్టాలి?

పొట్లాలపని

భాషతో చివరిసారి వెళ్లిన నంబరు కన్నా పెద్దదాని నుంచి. భాష 4.6తో చివరిసారి వెళ్లిందనుకోండి, విడిగా మొదటి విడుదల 5.0. చూడటానికి వింతగా ఉన్నా పోలిక ఎప్పుడూ ముందుకే వెళ్తుంది. షరతులు రాయనివ్వట్లేదు కాబట్టి ప్యాకేజ్ మేనేజర్ వైపు ప్రమాదం తక్కువే. కానీ జనం తమ కోడ్‌లో నంబర్లు పోల్చి చూసుకుంటారు, దాన్ని మీరు ఆపలేరు. అదే ఎక్స్‌టెన్షన్ తిరిగి లోపలికి వచ్చే రోజు వస్తే, అప్పటి భాష నంబరు, దాని సొంత నంబరు రెండిట్లో ఏది పెద్దదో చూసుకోండి. సొంతదే పెద్దదైతే దాన్ని భాష నంబరుకి దించకండి, సొంత నంబరుతోనే ఉంచండి.

మూడోచుక్క

అర్థమైంది. బయటికి వెళ్లినప్పుడు, తిరిగి లోపలికి వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పిన ఈ రెండు మాటలూ మా విడుదల నియమాల్లోకి ఉన్నవి ఉన్నట్టు వెళ్తున్నాయి. ఎక్స్‌ఎంఎల్‌కి ఇప్పుడున్న తేదీ నంబరు 1.0 విడుదలకి ముందే తీసేస్తున్నాం. అది బయటికి వెళ్లిపోతే ఆ తర్వాత దానికన్నా పెద్ద నంబరు పెట్టాలంటే మళ్లీ తేదీయే పెట్టాలి.